చర్చి దిబ్బ జోలికి పోవద్దు

హల్,
4 మార్చి 1956

తమ్ముడు రూబెన్‌కు,

నీ గొర్రెలు బాగుంటే నువ్వూ బాగున్నట్టే కాబట్టి విడిగా నీ క్షేమం అడగను. నా మోకాళ్లు తప్ప ఇక్కడ అన్నీ బాగానే ఉన్నాయి. బడి వంటశాలకి కొత్త స్టవ్ ఇచ్చారు. దాని మంట ఎంత పెట్టాలో ఇంకా చేతికి పట్టుబడలేదు. సోమవారం రెండు వందల మంది పిల్లలు నా కస్టర్డ్‌ను కత్తితో కోసుకుని తిన్నారు.

అసలు సంగతికొస్తాను. విశ్వవిద్యాలయంలో చరిత్ర చెప్పే మిస్ కిట్సన్ అనే ఆవిడ నాకు ఉత్తరం రాసింది. నీకూ రాసిందట, నువ్వు జవాబివ్వలేదట. మన పాతూరి బీడును ఈ వేసవిలో తవ్వి చూస్తుందట. నాన్న బీడును మనిద్దరి పేరా రాసి పోయాడు కాబట్టి ఇద్దరి సంతకాలూ కావాలంది. విమానంలోంచి తీసిన ఫోటో కూడా పంపింది. చిన్నప్పుడు మనం దొర్లిన ఆ మెరకలూ పల్లాలూ పైనుంచి చూస్తే అచ్చంగా ఊరేరా! నడుమ వీధి, అటూ ఇటూ ఇళ్లు, వెనక దొడ్లు, చివర, మొండిగోడలు మిగిలిన చర్చి దిబ్బ. మనం గుర్రప్పందేలు ఆడిన పల్లమే వీధట. ఐదొందల ఏళ్ల కిందట ఖాళీ అయిపోయిందట.

నాకు ఒప్పుకోవాలనే ఉంది. ఆ చోట నేను మళ్లీ చూడాలనుకునేది ఏదైనా ఉంటే ఆ బీడొక్కటే. పైగా మీ పొరుగింటి మేబెల్ వదిన రాసింది, నీ దొడ్లో బుల్డోజర్ దిగిందని. మీ పక్క ఫాక్స్‌టన్ తన బీడు చదును చేసి బంగాళాదుంపలు వేశాడని కూడా రాసింది. నీ మనసులో అలాంటిదేమైనా ఉంటే ఇప్పుడే చెప్పు.

మరదలు డోరాను అడిగానని చెప్పు.

మీ అక్క,
హెస్టర్


హై ఫోల్డ్,
14 మార్చి

అక్కా,

గొర్రెలు ఈనుతున్నాయి. బట్టలు మార్చుకోక నాలుగు రోజులైంది. అందుకే ఉత్తరం చిన్నది.

ఇళ్లు తవ్వుకోమను. వీధి తవ్వుకోమను. చర్చి దిబ్బ జోలికి మాత్రం పోవద్దు. నాన్న వద్దన్నాడు. నువ్వు ఆ కాగితం మీద సంతకం పెట్టకు.

డోరా నిన్ను అడిగిందని చెప్పమంది.

రూబెన్


హల్,
19 మార్చి

రూబెన్‌కు,

నాన్న వద్దన్నాడా? ఆయన పోయి పద్దెనిమిదేళ్లయింది. ఇంకా ఆయన చెప్పినట్టే నడుస్తోందా ఆ ఇల్లు? నాతో అయితే ఆయన ఏదీ వద్దనలేదు, ఏదీ కావాలనలేదు. అసలు మాట్లాడితేగా.

నువ్వు మరిచిపోయావేమో గానీ నేను మరవలేదు. పంతొమ్మిది వందల ఇరవై రెండు, అక్టోబరు. నాకు పంతొమ్మిదేళ్లు. నూర్పిడి యంత్రంతో వచ్చినవాడు యంత్రంతో పాటే వెళ్లిపోయాడు. నేను ఆ పైగదిలో ఒళ్లు తెలియని జ్వరంతో పడి ఉన్నాను. తెలివొచ్చేసరికి కడుపు లేదు, బిడ్డా లేదు. "పుట్టడమే ఊపిరి లేకుండా పుట్టింది. పట్నం ఆసుపత్రివాళ్లు తీసుకెళ్లారు, వాళ్లే చూసుకుంటారు" అంది అమ్మ. నాన్న ఒక్కసారి నా గది గడప తొక్కలేదు. నెల తిరక్కుండా నా పెట్టె సర్ది స్టేషన్లో దింపాడు. రైలు కదిలేటప్పుడు కూడా నా మొహం చూడలేదు.

ఆ మనిషి మాట కోసం నేను ఒక ఊరి చరిత్రను మట్టిలో ఉంచాలా? అసలు నీ సాకు నాన్న కాదు, బంగాళాదుంపలు. పరాయి మనుషులొచ్చి పెద్దగా ఏదైనా కనిపెడితే ఆ నేల చదును చెయ్యనివ్వరని నీ భయం.

నిన్ననే సంతకం పెట్టి పోస్టులో వేశాను. ఇక నీ ఇష్టం.

హెస్టర్


హై ఫోల్డ్,
2 మే

అక్కా,

ఆలస్యానికి ఏమీ అనుకోకు. గొర్రెల పని ఇప్పుడే తెమిలింది. ఈసారి కవలలు ఎక్కువ. తల్లి వదిలేసిన మూడు పిల్లలు వంటింటి పొయ్యి పక్కన ఉన్నాయి. డోరా వాటికి పాలు పడుతూ నన్ను తిడుతోంది.

బుల్డోజర్ వచ్చింది కొండ మీది కుంట పూడిక తియ్యడానికి. ఒక్క పూటలో తీసి వెళ్లిపోయింది. మేబెల్ వదిన కిటికీలోంచి సగం చూసి మిగతా సగం ఊహించుకుంటుందని నీకు తెలియదా? బంగాళాదుంపలు వెయ్యాలంటే నాన్న పోయిన మర్నాడే వేసేవాణ్ణి.

నీ సంతకం పట్టుకుని మిస్ కిట్సన్ తనే వచ్చింది. తలుపు దగ్గరే నిలబడి, టీ ఇస్తే తాగి, ఇంకో కప్పు అడిగి మరీ తాగింది. డోరాకు నచ్చింది. నేనూ సంతకం పెట్టాను. చర్చి దిబ్బ మీద మాత్రం చివర్లో, అదీ నన్నడిగిన తర్వాతే, అని రాయించుకున్నాను.

నాన్న గురించి నువ్వు రాసింది చదివాను. దానికి జవాబు ఉత్తరంలో రాసేది కాదు.

రూబెన్


హల్,
9 మే

రూబెన్‌కు,

ఉత్తరంలో రాసేది కాకపోతే ఎక్కడ చెబుతావు? నువ్వు హల్ రావు. నేను అక్కడికి రాను. ముప్పై నాలుగేళ్లలో ఒక్కసారి, అమ్మ పోయినప్పుడు ఒక్క పూట వచ్చాను. అప్పుడూ మీరందరూ నన్ను పెళ్లికొచ్చిన చుట్టంలా కూచోబెట్టి కేకు పెట్టారు. నాన్నను వెనకేసుకొచ్చే పని నీకెప్పుడూ అలవాటే. ఆయన తప్పు ఒప్పుకుంటే నువ్వు చిన్నవాడివి అయిపోతావా?

బంగాళాదుంపల మాట వెనక్కి తీసుకుంటున్నాను. మిగతాది తీసుకోను.

హెస్టర్


హై ఫోల్డ్,
11 జులై

అక్కా,

మీ వాళ్లు దిగారు. పద్నాలుగు మంది, ఏడు గుడారాలు. బండ్ల కొట్టంలో వంట, మన పాలగదిలో పెంకులు కడగడం. డోరా వెన్న చిలికే బల్ల మీద ఇప్పుడు పాత కుండ ముక్కలు ఆరుతున్నాయి. నేను దాని మీద బూటు పెడితే ఇంట్లోంచి వెళ్లగొట్టేది, వీళ్లను ఏమీ అనదు.

మొదట్లో చిరాకేసినా ఇప్పుడు రోజూ సాయంత్రం వెళ్లి చూస్తున్నాను. వీధికి పడమట మూడో ఇల్లు తీశారు. గడ్డి కింద అరచెయ్యంత లోతులోనే గోడ ఉంది. నడుమ పొయ్యి, మసి ఇంకా నల్లగానే ఉంది. పక్కన తిరగలి రాయి, ఉన్ని వడికే కదురు బిళ్ల, ఒక తాళంచెవి. ఇల్లు వదిలేస్తూ తాళంచెవి ఎందుకు పట్టుకుపోలేదో అని డోరా రెండు రోజులు ఆలోచించింది. ఏ తెగులూ వచ్చి ఈ ఊరు పోలేదట. భూస్వామి గొర్రెలు పెంచడానికి నలభై కుటుంబాలను వెళ్లగొట్టాడని మిస్ కిట్సన్ చెప్పింది. మన గొర్రెలు ఎప్పుడూ ఆ ఇళ్ల మెరకల మీదే పడుకుంటాయి, పొడిగా ఉంటుందని. తాతల నాటి నుంచి గొర్రెలు కాసిన వంశం మనది. ఆ మాట విన్నాక నాకు వాటి వంక చూడాలంటే సిగ్గేసింది.

నీకు నవ్వొచ్చే సంగతి ఒకటి. నిన్న ఇద్దరు అమ్మాయిలు ఒక ఇంటి గడప పక్కన కుక్క ఎముకలు తీశారు. చక్కగా ముడుచుకుని పడుకుందట. ఇంటికి కాపలాగా గడప దగ్గర పాతిపెట్టే ఆచారం అయ్యుంటుందని పుస్తకాలు తిరగేశారు, బొమ్మ గీశారు, ఒక్కో ఎముకకీ నంబరు వేశారు. నేను వెళ్లి చూశాను కదా. "అమ్మాయ్, అది మా నెల్. ముందు కాలు వంకర చూడు, గేటు మీద పడి విరిగింది. నేనే పాతిపెట్టాను, పంతొమ్మిది వందల ముప్పై ఒకటిలో" అన్నాను. గుడారాలన్నీ ఒకటే నవ్వు. మిస్ కిట్సన్ కూడా నవ్వింది గానీ తర్వాత అంది, "కుక్క కాబట్టి సరిపోయింది. ఈ కాలం మనిషి ఎముకలైతే పోలీసులకు చెప్పాలి, విచారణ జరుగుతుంది" అని.

నాన్నను ఎలా సాగనంపారని కూడా అడిగింది ఆవిడ. గొర్రెల కాపరి చేతిలో గుప్పెడు ఉన్ని ఉంచి శవపెట్టె మూస్తామని చెప్పాను. ఎందుకని అడిగింది. ఆదివారాలు చర్చికి ఎందుకు రాలేదని తీర్పు రోజున పైన అడిగితే, గొర్రెలను వదిలి రాలేకపోయానని ఆ ఉన్ని చూపిస్తాడని చెప్పాను. అంతా రాసుకుంది.

వచ్చే వారం చర్చి దిబ్బ తవ్వుతానని అడుగుతోంది. ఆలోచించి చెబుతానన్నాను. ఈలోగా పొట్టేలును ఆ దిబ్బ మీదికి తోలాను. కొలతలకని పాతిన గూటాలు పీకేసింది, ఒక కుర్రాణ్ణి గుంటలోకి దొర్లించింది. మేత కోసం తోలానని చెప్పాను. ఎవరూ నమ్మలేదు.

రూబెన్


హల్,
13 జులై

తమ్ముడూ,

నెల్ సంగతి వంటశాలలో చదివి వినిపించాను. అందరం గరిటెలు పక్కన పెట్టి నవ్వాం.

ఉన్ని మాట చదివితే తాత గుర్తొచ్చాడు. పెట్టెలో ఆయన పిడికిలి నిండా తెల్లగా కనబడితే ఏమిటని అడిగాను. "సాక్ష్యం" అన్నాడు నాన్న. ఆయనకూ పెట్టారన్నమాట. నాన్న పోయినప్పుడు నేను రాలేదు. రానందుకు ఇన్నాళ్లూ ఏమీ అనుకోలేదు గానీ ఇప్పుడెందుకో కొంచెం అనిపించింది.

చూశావా, తవ్వితే ఆకాశం ఊడి పడలేదు. ఇక ఆ పొట్టేలు వేషాలు చాలించు. మిస్ కిట్సన్ నాకూ రాసింది, "మీ తమ్ముడు మంచివాడే గానీ దిబ్బ మాటెత్తితే మొహం ముడుచుకుంటాడు, మీరొక మాట చెప్పండి" అని. నా అనుమతి పూర్తిగా ఉందని, నీ మాట పట్టించుకోవద్దని తనకి రాసేశాను.

మీ అక్క,
హెస్టర్


హై ఫోల్డ్,
15 జులై, ఆదివారం

అక్కా,

కూర్చుని చదువు. వంటశాలలో చదవకు.

నీ ఉత్తరం చూపించి ఆవిడ నిన్న దిబ్బ మీద గూటాలు పాతింది. ఒక గుంట దక్షిణం గోడ పక్కన, అది రేపు మొదలుపెడతారు. రెండోది ఉత్తరం గోడ పక్కన. దానికి మాత్రం శుక్రవారం దాకా ఆగమని బతిమాలాను. నీ బిడ్డ అక్కడుంది.

ఆసుపత్రికి ఎవరూ తీసుకెళ్లలేదు. నువ్వు జ్వరంలో ఉండగా నాన్న పాదిరి గారి దగ్గరికి నడిచి వెళ్లాడు. నాకు పదిహేడేళ్లు, నేనూ వెంట వెళ్లాను. బాప్తిస్మం లేని బిడ్డకి చర్చి నేలలో చోటు లేదన్నాడాయన. "ఆసుపత్రివాళ్లకు ఇవ్వండి. వాళ్లు ఏదో ఒక చోట వేస్తారు" అన్నాడు. నాన్న టోపీ పెట్టుకుని బయటికొచ్చేశాడు. మన గేటు దగ్గర ఆగి, "ఏదో ఒక చోట వేస్తారంట్రా. కుక్కపిల్లనేసినట్టు" అన్నాడు. గేటు తీస్తూ, "మన బీడులో చర్చి లేదూ? కప్పు లేకపోతే ఏమైంది? దేవుడికని ఒకసారి ఇచ్చిన నేలను ఎవడైనా వెనక్కి తీసుకున్నాడా?" అన్నాడు.

గొర్రెలు ఈనే కొట్టం తలుపు ఊడదీసి ఆ చెక్కతో పెట్టె చేశాడు. మర్నాడు పాలు పితికే వేళకు ముందే వెళ్లాం. మంచు బాగా పట్టింది. నేను తవ్వాను. గోడకు ఆనుకుని ఉంటే గాలి తగలదని ఆ చోటు చూపించింది ఆయనే. మూత పెట్టబోతూ ఆగి, జేబులోంచి కాస్త ఉన్ని తీశాడు. ఆ వేళ్లు విడదీసి లోపల పెట్టాడు. అంత చిన్న చేతికి ఎంత పడుతుంది? రెండు పోగులు. "చర్చికి ఎందుకు రాలేదని దీన్ని ఎవరూ అడగకూడదు. మా ఇంటి బిడ్డేనని చూసుకుంటారు" అన్నాడు. అప్పుడు ఏడ్చాడు. ఆయన ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

నీకు ఎందుకు చెప్పలేదంటావు. నేనూ అడిగాను. "బిడ్డ ఇక్కడే ఉందని తెలిస్తే అది ఈ బీడు దాటి కదలదు. పంతొమ్మిదేళ్ల పిల్ల, రోజూ ఆ దిబ్బ మీద కూచుని ముసలిదైపోతుంది. పోనీ, ఎక్కడికైనా పోయి దాని బతుకు అది బతకనీ. నువ్వు నోరెత్తావంటే ఊరుకోను" అన్నాడు. నీ గదిలోకి రాలేదని రాశావు. నిజమే. మూడు రోజులూ ఆ మెట్ల మీదే కూచున్నాడు. పైకి ఎక్కితే నీకు చెప్పేస్తానని భయం. స్టేషన్లో నీ మొహం చూడకపోవడానికీ కారణం అదే అనుకుంటాను.

ఆ తర్వాత ఆయన ఆ పాదిరి చర్చికి వెళ్లలేదు. ఆదివారం వచ్చిందంటే గొర్రెలను చూసొస్తానని దిబ్బ మీదికి పోయేవాడు. ఆయన చేతిలో నేను ఉన్ని పెట్టింది ఆచారం కోసం ఒక్కటే కాదు.

మాటిచ్చాను కాబట్టి దాచాను. నువ్వు ఆయన్ను తిడుతుంటే చదివి కూడా దాచాను. అది నా తప్పే. శుక్రవారం లోపల నువ్వు ఎలా చెబితే అలా చేస్తాను. తవ్వితే నెల్‌ను కనిపెట్టినట్టు కాదు, పోలీసులు వస్తారు, నీ పేరు వస్తుంది. తవ్వొద్దంటే గుంట మీద నేనే పడుకుంటాను.

రూబెన్


హల్,
17 జులై

రూబెన్,

వంటశాలలోనే చదివాను. నీ ఉత్తరం ఎప్పుడొస్తే అప్పుడే చదవడం అలవాటు. గిన్నె మాడిపోయింది. నాతో పనిచేసే పిల్ల నన్ను బియ్యం బస్తా మీద కూచోబెట్టి మిగతా వంటంతా తనే చేసింది.

ముప్పై నాలుగేళ్లు ఆ మనిషిని తిట్టుకున్నాను. ఇప్పుడు ఏం చేసుకోను ఈ తిట్లన్నీ? మెట్ల మీద కూచున్నాడని నువ్వు ఎప్పుడో ఒక ముక్క రాసి ఉంటే ఆయన పోయినప్పుడు నేను వచ్చేదాన్ని. నీ మీద కోపంగా ఉంది. ఆయన మీదా ఉంది. నా బతుకు ఎలా బతకాలో ఆయనే తేల్చేశాడు. నన్ను అడిగి ఉంటే ఆ దిబ్బ మీదే కూచునేదాన్నేమో. కూచుంటే ఏం పోయేది?

మిస్ కిట్సన్‌కు నిజం చెప్పు. నా పేరు కూడా చెప్పు. సిగ్గుపడే వయసు దాటిపోయాను. ఆ గుంట మాత్రం తవ్వొద్దని నా మాటగా చెప్పు.

ఒక్క సంగతి అడుగుతాను. ఆడపిల్లా, మగపిల్లాడా? నాకు ఎవరూ చెప్పలేదు. నేనూ ఎవరినీ అడగలేదు.

హెస్టర్


హై ఫోల్డ్,
18 జులై

అక్కా,

ఆడపిల్ల. జుట్టు నల్లగా ఉంది, నీలాగే. చాలా ఉంది.

నీ ఉత్తరం ఉదయం టపాలో అందింది. వెంటనే పాలగదికి వెళ్లాను. మిస్ కిట్సన్ బ్రష్‌తో కుండ ముక్కలు తోముతోంది. తలుపు వేసి అంతా చెప్పాను. అయ్యాక చేతులు తుడుచుకుని బయటికొచ్చింది. దిబ్బ మీదికి తనే వెళ్లి, ఉత్తరం గోడ పక్క గూటాలు ఒక్కొక్కటే పీకి, తాడు చుట్టేసుకుంది. పొట్టేలు చూస్తూ నిలబడింది, ఆమెను ఏమీ అనలేదు. "నేను తవ్వలేదు, ఏమీ చూడలేదు. కాబట్టి ఎవరికీ చెప్పాల్సిందేమీ లేదు" అంది. ఊరి పటంలో ఆ చోట చిన్న చదరం గీసి లోపల ఖాళీగా ఉంచింది. పక్కన 'సొంతదారుల కోరిక మీద తవ్వలేదు' అని రాసింది.

ఇంకొకటి కూడా చెప్పింది. సోమవారం దక్షిణం గోడ పక్కన తవ్విన చోట మూడు చిన్న సమాధులు బయటపడ్డాయి. ఆ పాతూరి వాళ్ల పసిపిల్లలవి. చర్చి గోడకు ఆనించి, చూరు నీళ్లు పడే చోట పెట్టేవాళ్లట. దేవుడి ఇంటి కప్పు మీంచి జారిన వాన పడితే పిల్లలకు బాప్తిస్మం అందినట్టేనని అనుకునేవాళ్లేమోనట. నాన్నకు ఇవేమీ తెలియవు. గాలి తగలదని మాత్రమే అన్నాడు. అయినా అక్కా, మన పిల్ల ఇన్నాళ్లూ ఒంటరిగా లేదు. అది తెలిశాక నాకు కొంచెం తేలికగా ఉంది. ఆ మూడింటినీ బొమ్మ గీసుకుని, మళ్లీ ఎక్కడివక్కడే పెట్టి పూడ్చేస్తానని మాటిచ్చింది ఆవిడ.

డోరాకు ఇందాక భోజనాల దగ్గర చెప్పాను. లేచి వెళ్లి నీ పైగది కిటికీలు తెరిచి, పరుపు ఎండలో వెయ్యాలంది.

రూబెన్


హల్,
19 జులై

తమ్ముడూ,

శనివారం రెండు గంటల బస్సుకు వస్తున్నాను. స్టాపు దగ్గరికి రావద్దు, నాకు దారి తెలుసు. డోరాను కేకు మాత్రం చెయ్యొద్దని చెప్పు. మీరు రోజూ తినేదే పెట్టండి. తలుపు ముందు నిలబడి పలకరించొద్దు, ముందు దిబ్బ దగ్గరికి వెళ్లొచ్చాక ఇంట్లోకి వస్తాను. ఆ పొట్టేలును కట్టెయ్యి.

బిడ్డకు రూత్ అని పేరు పెట్టాను. ఇప్పుడు పెట్టింది కాదు, ఆడపిల్లయితే అదేనని అప్పుడే అనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు.

ఒక పని చెయ్యి. ఈ ఏడు కత్తిరించిన ఉన్నిలో నుంచి శుభ్రంగా ఉన్నది గుప్పెడు తీసి నా కోసం పక్కన పెట్టు. నా పెట్టెలో దాచుకుంటాను. నేను పోయినప్పుడు నా చేతిలో పెట్టాలని నాతో పనిచేసే పిల్లకు చెప్పి ఉంచుతాను. నేను ఏనాడూ గొర్రెలు కాయలేదు, నిజమే. చర్చికి కూడా ముప్పై నాలుగేళ్లుగా వెళ్లలేదు. పైన ఆ లెక్క ఎవరైనా అడిగితే అడగనీ, దానికి కాదు నాకు కావలసింది. నాన్న చేతిలో ఉంది, రూత్ చేతిలో ఉంది. ఆ పిల్ల నా మొహం ఎన్నడూ చూడలేదు, నేనూ దాన్ని చూడలేదు. నా చేతిలోనూ ఉంటే మేం ఒకే మంద అని గుర్తుపట్టొచ్చు.

మీ అక్క,
హెస్టర్